గుండె వ్యానులో, బుర్ర కారులో

సంచార పశువైద్య వ్యానుకి కొత్త ఇంజన్ ఎక్కించడం సోమవారం మధ్యాహ్నానికల్లా అయిపోయింది. కొత్త ఇంజన్ అంటే నిజంగా కొత్తదేం కాదు లెండి. సర్కారువారి భాషలో కొత్తదంటే వేరేచోట పాతబడ్డదని అర్థం. రామానుజపేట పశువుల ఆసుపత్రి ఆవరణలో, రేకుల షెడ్డు కింద ఒక కారు పడి ఉంది. ఎప్పుడో ఇసుక లారీ వెనకనుంచి గుద్దితే డిక్కీ కాస్తా వెనకసీటులోకి వచ్చి కూర్చుంది. ‘వాడుకకు పనికిరాదు’ అని దానిమీద తెల్లరంగుతో రాసి అక్కడ పడేశారు. ముందుభాగానికి మాత్రం చిన్న గీత కూడా పడలేదు. వ్యాను సంగతి తిరగేసి చెప్పుకోవాలి. ఒళ్లంతా బాగానే ఉంది, ఇంజనే బిగుసుకుపోయింది. రెండూ ఒకే కంపెనీ బళ్లు. కాబట్టి కారు ఇంజన్ తీసి వ్యానుకి పెట్టుకోవచ్చని జిల్లా ఆఫీసువారు అనుమతి ఇచ్చారు. ఆ అనుమతి రావడానికి పట్టిన కాలంలో ఏనుగు కూడా ఈనుతుంది.

ఆ వ్యాను మీద పనిచేసే పశువైద్యురాలు డాక్టర్ వకుళ. మనిషి మంచిది, చెయ్యి మంచిది, పద్ధతి మరీ మంచిది. ఆ మూడోదే ఆమె కొంప ముంచింది. గోదావరికి ఎర్రనీరు రావడానికి ఇంకా రెండు మూడు వారాలు ఉంది. నీరొస్తే నది మధ్యలో ఉన్న బొండులంకకి దారి ఉండదు. ఆలోగా లంకలో ఉన్న గేదెలన్నిటికీ గొంతువాపు టీకాలు వెయ్యాలి. వానాకాలంలో వచ్చే ఆ రోగం పొద్దున్న పట్టుకుంటే సాయంత్రానికి పశువుని తీసుకుపోతుంది. టీకా మందేమో ఫ్రిజ్ నడుస్తున్న వాహనానికి తప్ప జిల్లా కోల్డ్ స్టోర్‌వాళ్లు ఇవ్వరు. వ్యానులో ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ నడవాలంటే ఇంజన్ నడవాలి.

ఇంజన్ నడవలేదు.

“కూర్చోడం బాగానే కూర్చుందండి మేడమ్ గారూ,” అన్నాడు మెకానిక్ జిలానీ, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. “మౌంటింగులు అతికినట్టు సరిపోయినాయి. కానీ ఇది వ్యాను కంప్యూటర్ మాట వినదండి. డీజిల్ ఎప్పుడు కొట్టాలో, ఎంత కొట్టాలో ఇంజన్‌కి చెప్పేది అదేనండి. దీని సెన్సర్లు వేరు, పాతదాని సెన్సర్లు వేరు. ప్లగ్గులే ఒకదాంట్లో ఒకటి దూరవు. కారులో ఉన్న కంప్యూటరు, దాని వైరింగు, దాని తాళం, మూడూ పీకి ఇందులో పెట్టేస్తే గుర్రమేనండి.”

వకుళకి విషయం వెంటనే అర్థమైంది. గుండె ఒక్కటే మార్చారు. నరాలూ మెదడూ షెడ్డులో ఉండిపోయాయి.

“ఎంతసేపు పని?”

“రేపు సాయంత్రానికి మీరు లంకలో ఉంటారు.”

“అయితే పైకి ఒక ముక్క రాసి, అనుమతి రాగానే...”

జిలానీ చేతిలో గుడ్డ కిందపడింది. “రాయకండి మేడమ్ గారూ, మీకు దణ్ణం పెడతా! ఇంజన్‌కి అనుమతి ఇచ్చారంటే దాని వైర్లకి ఇచ్చినట్టే కదండీ. డ్యాష్‌బోర్డు కింద బుర్ర పెట్టి చూసే ఆఫీసరుని నేనింతవరకూ చూళ్లేదు.”

వకుళ వినలేదు. ఆమెకంటే ముందు అక్కడ పనిచేసిన డాక్టరుగారు ఒక స్టెప్నీ టైరు లెక్క తేలక, రిటైరయ్యాక కూడా జవాబులు రాసుకుంటూ బతికారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంది పాపం. అడుసు ఏ పక్కనుందో పోల్చుకోలేకపోయింది. ఇంజన్‌తోపాటు దాని కంప్యూటరు, వైరింగు, తాళం కూడా మార్చుకునేందుకు అనుమతి కోరుతూ చక్కటి దస్తూరీతో ఉత్తరం రాసి పంపింది.

సరిగ్గా అప్పుడే జిల్లా ఆఫీసులో హరిత కార్యాలయ పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ఈ దేశంలో ఏ పనికైనా పక్షోత్సవం రాకుండా ఉంటే అదెలాగో అలా జరిగిపోతుంది. పక్షోత్సవం వచ్చిందంటే మాత్రం ఇక దానికి నూకలు చెల్లినట్టే. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు భూమాతకు శత్రువులని అందరిచేతా చేతులు చాపించి ప్రమాణం చేయించారు. పనికిరాదని ముద్ర పడ్డ ఏ వస్తువులోనైనా సరే, ఎలక్ట్రానిక్ భాగం ఉంటే దాన్ని అందులోంచి కదపడానికి వీల్లేదు. గుర్తింపు పొందిన సంస్థవారు వచ్చి తుక్కు చెయ్యడానికి తప్ప అది మరెందుకూ పనికిరాదు. ఆ సంస్థ ఇంకా గుర్తింపు పొందలేదు. ఈలోగా వ్యర్థాల నోడల్ అధికారి కామేశ్వర చయనులుగారు లక్కా కొవ్వొత్తీ పట్టుకుని ఆఫీసంతా తిరిగి సీళ్లు వేస్తున్నారు. ఆగిపోయిన లిఫ్టులో మీటలు ఉన్నాయని లిఫ్టుకి కూడా వేశారు. అప్పుడు లోపల ఎవరూ లేకపోవడం అదృష్టం.

వకుళని పిలిపించారు. జాయింట్ డైరెక్టరు విశ్వంభరరావుగారు మధ్యలో కూర్చున్నారు. ఆయనకి ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు, అందుకని ఏ పనీ చెయ్యరు. పక్కన చయనులుగారు.

“డాక్టరుగారూ, ఇచ్చట ఒక మౌలికమైన అంశం పరిశీలనార్హం,” అన్నారు చయనులుగారు. “ఇంజన్ యాంత్రిక విభాగం. కంప్యూటరూ, వైరింగూ ఎలక్ట్రానిక్ విభాగం. యాంత్రిక విభాగం విడుదలకు యోగ్యం. ఎలక్ట్రానిక్ విభాగం విధ్వంసానికి మాత్రమే యోగ్యం.”

“అది బాగానే పనిచేస్తోందండీ.”

“పనిచేయడమన్నది వస్తువు యొక్క గుణం. వ్యర్థం కావడమన్నది దాని హోదా. గుణాన్నిబట్టి హోదా మారదు. మన శాఖలో మనుషులకే మారదు కదా.”

“పోనీ కొత్త కంప్యూటరు కొనడానికైనా...”

“కంపెనీవారిని సంప్రదించాం. ఆ వ్యానులో ఈ ఇంజన్ ఉన్నట్టు వారి రికార్డులో లేదు. కనుక లేని ఇంజన్‌కి కంప్యూటరు ఇవ్వలేమన్నారు. వారి వాదన సమంజసమే.”

“సార్, ఎగువ లంకల్లో అప్పుడే రోగం కనబడిందండి,” అంది వకుళ, జాయింట్ డైరెక్టరుగారి వైపు తిరిగి. “మా బొండులంకలో ఇంకా ఒక్క గేదెకీ టీకా పడలేదు. ఇంజన్ ఉంది, దాని కంప్యూటరు పది అడుగుల దూరంలో ఉంది. రెండూ కలిస్తే బండి కదుల్తుంది.”

“మీ ఆవేదన నాకు అర్థమైంది. అటు పర్యావరణం, ఇటు పశుసంపద. రెండు కళ్లు,” అని విశ్వంభరరావుగారు రెండు కళ్లూ మూసుకున్నారు.

వకుళకి ఒళ్లు మండిపోయింది. జన్మలో ఎన్నడూ పై అధికారి ముందు గొంతు పెంచని మనిషి, ఆ క్షణాన ఆపుకోలేకపోయింది. “కంప్యూటరు కారులోంచి రాకూడదు, ఇంజన్ వ్యానులోంచి పోకూడదు. అయితే ఆ కారుని కూడా వ్యాను వెనక కట్టుకుని ఊళ్లు తిరగమంటారా సార్?” అంది.

చయనులుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ముందున్న దస్త్రం పేజీలు అటూ ఇటూ తిప్పారు.

“నిబంధనల్లో దీనికి అభ్యంతరం కనబడటం లేదు,” అన్నారు నెమ్మదిగా. “ఎలక్ట్రానిక్ భాగం వాహనంలోంచి కదలరాదని ఉంది. వాహనం కదలరాదని లేదు. వైరు ఎంత పొడుగుండాలన్నదాని మీద నిబంధనలు మౌనం వహించాయి.”

విశ్వంభరరావుగారు కళ్లు తెరిచారు. “అద్భుతం! రాసుకోండి. ‘డాక్టర్ వకుళగారి ప్రతిపాదన మేరకు’ అని రాసుకోండి. పేరు వారికే దక్కాలి.”

వెటకారంగా అన్నానని చెబుదామనుకుంది వకుళ గానీ, అప్పటికే గుమాస్తా అది రాసేసి కింద గీత కూడా గీసేశాడు.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి మంగాయమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. బొండులంక మనిషి. మొగుడు పడవ మీదనుంచి జారి గోదాట్లో పోయాక, ఒక్క గేదె పాలు పోసుకుంటూ ఇల్లు నెట్టుకొస్తోంది. ఆ గేదె ఇప్పుడు నిండు చూలుతో ఉంది.

“సూదులు ఎప్పుడండి డాక్టరమ్మగారూ? ఎగువ లంకల్లో గొంతులు వాసిపోయి గొడ్లు టపటపా పడిపోతన్నాయంటండి. మా సెల్లెలిగారి గేదె పొద్దున్న కుడితి తాగిందంట, దీపాలెట్టే వేళకి నాలిక బయటెట్టేసిందంట. ఆయ్. నాకు నిద్దర పట్టట్లేదండి.”

“వస్తున్నాం మంగాయమ్మా. ఇంజన్ పెట్టేశారు.”

“మరింకేటండి?”

“వైర్లు కలపాలి.”

“అంతేనా? మా తమ్ముడు ఇట్టే కలిపేత్తాడండి, పిలవమంటారా?”

మంగాయమ్మ తమ్ముడికి కలపడం వచ్చుగానీ పక్షోత్సవం రాదు కదా.

జిలానీ మొదట ఈ పథకం విని పడీపడీ నవ్వాడు. తర్వాత వాడికీ పిచ్చి పట్టుకుంది. పనివాడికి అసాధ్యమైన పని అప్పజెప్పి చూడండి, అది తెలివితక్కువదన్న సంగతి మర్చిపోతాడు. ఒక్కొక్క వైరుకీ అదే రంగు వైరు అతికి, బారలకొద్దీ పొడుగు చేసి, అన్నిటినీ కలిపి టేపు చుడితే అది కొండచిలువంత లావు తేలింది. కారు ముందునుంచి బయల్దేరి వ్యాను కిందనుంచి పాక్కుంటూ ఇంజన్‌లో దూరింది. “మా నాన్న కూడా ఇంత పొడుగు వైరింగ్ చెయ్యలేదండి,” అని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాడు. చయనులుగారు వచ్చి అటు కొసా ఇటు కొసా లక్కతో సీలు వేశారు. సీలు పగిలితే సర్కారీ ఆస్తికి నష్టం కలిగించినట్టని చెప్పారు.

తాళం తిప్పితే ఇంజన్ లేచింది. లేచి, ఊపిరాడని ముసలాయనలా దగ్గింది.

“ఏంటిది?” అంది వకుళ.

“ఇంత దూరం నుంచి సెన్సరు చెప్పే ముక్క కంప్యూటర్ చెవిన పడేసరికి నీరసపడిపోతందండి,” అన్నాడు జిలానీ. “అయినా నడుస్తది.”

వ్యాను డ్రైవరు ఏసుపాదం ఉత్సాహంగా ఎక్కి ఎక్సలేటర్ తొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ తొక్కాడు. ఊహూఁ. “కాలు కింద పెడల్ కూడా కంప్యూటర్‌కే చెప్పాలిగదండీ,” అని జిలానీ నాలిక్కరుచుకున్నాడు. “ఇప్పుడు అసలు పెడల్ కారులో ఉందండి.” ఆ సమయానికి కారు డ్రైవరు సీట్లో కూర్చుని లోపల చూస్తున్న వకుళ కాలు పొరపాటున పెడల్ మీద పడింది. ఎదర వ్యాను ఒక్క గెంతు గెంతి ఆసుపత్రి ప్రహరీ మీద పడింది. ఏసుపాదం యేసుప్రభువుని కేకేశాడు. గోడ పోయింది, మనుషులకేం కాలేదు.

దాంతో జిల్లా ఆఫీసువారు మళ్లీ కూర్చున్నారు. కారులో తాళం ఉంది కాబట్టి బాధ్యతగల మనిషి ఎవరో ఒకరు అందులో కూర్చోవాలి. ఆ కారు ఎవరి హోదాకి కేటాయించారో ఆ గెజిటెడ్ అధికారే కూర్చోవాలని చయనులుగారు తేల్చారు. అది పశువైద్యాధికారి కారు. అంటే వకుళ. బెల్టు కూడా పెట్టుకోవాలి, లేకపోతే కారు కుయ్యోమొర్రోమంటుంది.

“నేను వ్యానులో ఉండి పశువుల్ని చూడాలి కదండీ?”

“వైద్యం మీ విధి. కాపలా మీ బాధ్యత. రెంటికీ వైరుధ్యం ఏర్పడినప్పుడు బాధ్యతే ప్రధానం.”

అంతటితో అయిపోలేదు. కారు రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది కనుక దాని చక్రాలు ప్రభుత్వ రోడ్డుని తాకకూడదని రవాణావారు అన్నారు. సరేనని కారుని ఒక ట్రైలరు మీదకెక్కించారు, ఇప్పుడది వాహనం కాదు, సరుకు. ఆ ట్రైలరుని వ్యానుకి తగిలించారు. అయితే వేగం ఒకరి కాల్లోనూ బ్రేకు ఇంకొకరి కాల్లోనూ ఉండటం క్షేమం కాదనీ, పైగా దగ్గుతున్న ఇంజన్ అంత బరువు లాగలేదనీ, వ్యాను ముందు ఒక ట్రాక్టరు కట్టారు. ఇక ఇంజన్ పనల్లా ఫ్రిజ్‌ని నడపడమే.

“మరి నేనేం సెయ్యాలండి?” అన్నాడు ఏసుపాదం.

“స్టీరింగ్ పట్టుకో,” అన్నారు విశ్వంభరరావుగారు.

“ట్రాక్టరు లాగేత్తంటే నేను పట్టుకునేదేటండి?”

“ధైర్యంగా పట్టుకో.”

ట్రాక్టరు ఉండగా మందుపెట్టె దాంట్లోనే పెట్టుకుని పోవచ్చుగదా అన్నది అక్కడున్న ప్రతివాడికీ తట్టింది. వకుళకీ తట్టింది. కానీ ఒకసారి నోరు జారినందుకు ఇంత జరిగింది, రెండోసారి జారితే ఇంకేం వస్తుందోనని పెదవులు బిగబట్టుకుంది. ఆ బిగబట్టుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. మంగాయమ్మ అంతకుముందు రోజు మళ్లీ వచ్చి వెళ్లింది. లంకలో మొదటి గేదె పోయిందట.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కోల్డ్ స్టోర్‌వాళ్లు ఫ్రిజ్ చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకుని టీకా మందు అప్పజెప్పారు. విశ్వంభరరావుగారు రిబ్బను కత్తిరించి, “మూడు వాహనాలు, ఒకే ఆత్మ!” అన్నారు. తప్పట్లు మోగాయి. ముందు ట్రాక్టరు, దాని వెనక స్టీరింగ్‌ని ధైర్యంగా పట్టుకున్న ఏసుపాదం, ఆ వెనక ట్రైలరు మీద డిక్కీ లేని కారు, అందులో బెల్టు పెట్టుకుని డాక్టర్ వకుళ. అన్నిటికంటే వెనక విశ్వంభరరావుగారి కొత్త కారులో అధికారులు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తియ్యని కారది. దారిపొడుగునా జనం అరుగులెక్కి చూశారు. దేవుడి ఊరేగింపనుకుని ఒకావిడ కొబ్బరికాయ తెచ్చింది. వకుళకి తలెత్తుకోలేనంత సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రేవుకి చేరేసరికి గోదావరి రంగు మారిపోయి ఉంది. అనుకున్నదానికంటే ముందే ఎర్రనీరు దిగింది. రేవులో బల్లకట్టు పంటు ఒక్కటే ఉంది. పంటు నడిపే సరంగు గెడ్డం గోక్కుంటూ ఈ ఊరేగింపుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

“పంటు మీద ఒక్క బండే పట్టుద్దండి. ఇదే ఆకరి తిరుగుడు. తరవాత నీరు తగ్గేదాకా పంటు కట్టు ఇప్పను.”

“వ్యానుని ఎక్కించండి,” అన్నారు విశ్వంభరరావుగారు. పదిమంది కలిసి ట్రాక్టరునీ ట్రైలరునీ విప్పి వ్యానుని పంటు మీదకి నెట్టారు. ట్రైలరు గట్టునే ఉండిపోయింది. కొండచిలువలాంటి వైరు గట్టునుంచి నీళ్లమీదుగా పంటులోకి వేలాడింది. పంటు రెండు బారలు కదిలేసరికి అది బిగుసుకుపోయింది. “ఆపండి, సీలు!” అని చయనులుగారు గావుకేక పెట్టారు.

పంటుని మళ్లీ గట్టుకి లాగారు. ఇక అక్కడ చర్చ మొదలైంది. వైరు తెంపితే సర్కారీ ఆస్తికి నష్టం. ఇంజన్ ఆపితే ఫ్రిజ్ ఆగిపోయి మందు పాడవుతుంది. కారుని కూడా ఎక్కిస్తే పంటు మునుగుతుంది. మింగమంటే కప్పకి కోపం, కక్కమంటే పాముకి కోపం. “గోదావరి వెడల్పు ఎంతో కనుక్కుని, అంత పొడవు వైరుకి అంచనా తయారు చేయిద్దాం,” అన్నారు విశ్వంభరరావుగారు. చయనులుగారు తల పంకించి, వరదలో వెడల్పు పెరుగుతుంది కాబట్టి పెరిగినప్పటి కొలతే తీసుకోవాలన్నారు. సరంగు చుట్ట ముట్టించుకున్నాడు.

వకుళ ట్రైలరు మీద కారులో ఎత్తుగా కూర్చుని ఉంది కదా, అవతలి గట్టు ఆమెకి బాగా కనబడుతోంది. ఇసుకలో గేదెల్ని వరసగా పలుపుతాళ్లు పట్టుకుని నిలబెట్టారు. పొద్దున్నించీ నిలబెట్టే ఉంటారు. అందులో మంగాయమ్మ ఎవరో పోల్చుకోలేకపోయినా, ఉండే ఉంటుందని తెలుసు. ఇవతల గట్టున విశ్వంభరరావుగారి డ్రైవరు, రేవులో అప్పుడే కొన్న పులస చేపని పెద్ద ఐసుపెట్టెలో భద్రంగా సర్దుతున్నాడు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. సారుగారికి అంతదాకా రాలేదు, ఎవరో ఇప్పించారు. డ్రైవరు గుప్పిళ్లతో ఐసు తీసి చేప మొహం మీద, తోక మీద, పొట్ట మీద మెత్తగా పరుస్తున్నాడు.

వకుళ కాసేపు ఆ ఐసుని చూసింది.

బెల్టు తీసేసింది. తాళం తిప్పి లాగేసి చీర కొంగున ముడేసుకుంది. పంటు మీద వ్యాను ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది.

“డాక్టరుగారూ! మీరు స్థానం విడవడానికి వీల్లేదు!” అన్నారు చయనులుగారు.

ఆమె దిగింది. నేరుగా డ్రైవరు దగ్గరికెళ్లి, పులసని రెండు చేతులా ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు అతను దాన్ని ఎత్తుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఐసుపెట్టె తీసుకుని పంటు ఎక్కి, వ్యాను ఫ్రిజ్ తెరిచి మందంతా అందులోకి మార్చింది. “ఏసుపాదం, ఆ సిరంజిల సంచీ అందుకో. అందరూ కలిసి ఈ వ్యానుని కిందకి నెట్టెయ్యండి. సరంగుగారూ, కట్టు విప్పండి.”

“వకుళగారూ, ఒక్క నిమిషం. మనం సామరస్యంగా...” అంటూ విశ్వంభరరావుగారు ముందుకొచ్చారు. ఆయన కళ్లు మాత్రం చేప మీదే ఉన్నాయి.

“తర్వాత సార్,” అంది వకుళ. పై అధికారితో ఆ మాట అనడం ఎంత సులువో తెలిసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం దాకా సూదులు పొడుస్తూనే ఉంది. మంగాయమ్మ గేదెకి పొడిచినప్పుడు మంగాయమ్మే ‘అబ్బా’ అంది. పని పూర్తయ్యేసరికి నీరు పెరిగిపోయి వెనక్కొచ్చే దారి లేదు. వరద తీసేదాకా వకుళ, ఏసుపాదం లంకలోనే ఉండిపోయారు. ఇంటింటికీ తిరిగి తిన్నారు.

తిరిగొచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. బాధ్యతాయుత స్థానమును ముందస్తు అనుమతి లేకుండా విడిచినందుకు, నడుచుచున్న ప్రభుత్వ ఇంజన్‌ను నిలిపివేసినందుకు, తాళమును వెంట గొనిపోయినందుకు సంజాయిషీ కోరారు. అసలు కోపం పులస గురించి. దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో ఎవరికీ తెలియలేదు. తాళం గోదాట్లో పడిపోయిందని వకుళ జవాబు రాసింది. అది ఆమె చేతిసంచీలోనే ఉంది. అబద్ధం రాసినందుకు కించిత్తు కూడా బాధ కలగలేదు. అప్పట్నుంచీ వ్యానూ కారూ కలిసి షెడ్డు కింద పడుకున్నాయి. ఆమె ఐసుపెట్టె పట్టుకుని ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి ఊళ్లు తిరుగుతోంది.

ఆమెని సస్పెండ్ చేసేవారే. ఈలోగా రాజధానిలో లెక్కలు చూశారు. చుట్టుపక్కల లంకల్లో గొడ్లు గుట్టలుగా పోయాయి, బొండులంకలో ఆ ఒక్కటి తప్ప పోలేదు. కారణమేమిటని దస్త్రాలు తిరగేస్తే, అక్కడ మూడు వాహనాల పథకం అమలైనట్టు ప్రారంభోత్సవం ఫొటోలతో సహా ఉంది. ఇంకేం కావాలి? ‘అనుసంధాన సంచార వైద్య విధానం’ అని పేరు పెట్టి, అన్ని జిల్లాల్లోనూ అమలు చెయ్యమని ఉత్తర్వులిచ్చారు. ఆవిష్కర్త డాక్టర్ వకుళ అని ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాంతో మెమో మూలబడింది, కోల్డ్ స్టోర్‌వాళ్లు కూడా ఆ పత్రం చూసి ఆమె ఐసుపెట్టెలోకే మందు ఇస్తున్నారు.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మిగతా వ్యాన్లన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. ఉత్తర్వు ఉత్తర్వే కదా, వాటి ఇంజన్లు దింపేశారు. వాటిలో పెట్టడానికి అదే కంపెనీ కారు ఇంజన్ కావాలి, మిగిలిన కారుకి పనికిరాదన్న ముద్ర వెయ్యాలి. జిల్లా అంతా గాలిస్తే ఆ కంపెనీ కారు ఒక్కటే దొరికింది. సీట్లకి ప్లాస్టిక్ కవర్లున్నది. తెల్లరంగుతో ‘వాడుకకు పనికిరాదు’ అని రాయిస్తుంటే విశ్వంభరరావుగారు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారట. చయనులుగారు స్వయంగా లక్క కరిగించారు. కేటాయింపు ఎవరి హోదాకి ఉందో ఆ అధికారే కూర్చోవాలన్న నిబంధన కూడా ఆయనే గుర్తు చేశారు.

నీళ్లు తీశాక గాలికుంటు రోగం టీకాలకి ఆ కొత్త ఊరేగింపు బొండులంక రేవుకి వచ్చింది. వకుళ పొద్దున్నే ఐసుపెట్టెతో పంటెక్కి వెళ్లి, లంకలో టీకాల పని ముగించుకుని తిరిగొచ్చి రేవులో నిలబడి ఉంది. మంగాయమ్మ కూడా వచ్చింది. గేదె ఈనింది, పెయ్యదూడ. గిన్నెలో జున్ను తెచ్చింది.

ట్రాక్టరు, దాని వెనక వ్యాను, దాని వెనక ట్రైలరు వచ్చి ఆగాయి. ట్రైలరు మీద తళతళలాడే కారులో, బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి, ఎదరకే చూస్తూ విశ్వంభరరావుగారు. చెమటకి చొక్కా తడిసిపోయింది. వకుళని చూసి చెయ్యి ఎత్తబోయి, దించేశారు.

“ఎవరండి డాక్టరమ్మగారూ ఆ బాబుగారు?” అంది మంగాయమ్మ.

“మా పెద్ద ఆఫీసరుగారు.”

“అయ్యో, ఎండలో మాడిపోతన్నారండి పాపం. కిందకి దిగి నీడలో కూకోవచ్చు గదండీ?”

“దిగితే ఇంజన్ ఆగిపోతుంది.”

“ఆగిపోతే ఏటవుద్దండి?”

వకుళ జున్ను గిన్నె చేతిలోకి తీసుకుంది. వ్యానుకేసి, వైరుకేసి, కారుకేసి ఒకసారి చూసింది.

“ఏమీ అవదు మంగాయమ్మా,” అంది.